సెంగా వినని ఏడో భాగం

కిన్‌బక్కీలో వాటీ రింటూల్ ఎవరని అడిగితే సగం మంది "బస్సు వాటీయా?" అంటారు, తక్కిన సగం "కొంగ వాటీయా?" అంటారు. ఇద్దరూ ఒకడే. గని మూతపడ్డాక ముప్పై ఏళ్ళు ఫైఫ్ తీరం వెంబడి బస్సు నడిపాడు. దానికి ముందూ, దానితో పాటూ, దాని తర్వాతా ‘గ్లాస్ హెరన్’ అనే బ్యాండులో ఆర్గన్ వాయించాడు. బస్సు ఏనాడూ ఆలస్యం కాలేదు. పాట ఏనాడూ వేళకు ముగియలేదు.

గ్లాస్ హెరన్ అంటే గాజు కొంగ. ఆ పేరు గిటారు వాయించే డాడ్ మెకీ పెట్టాడు. 1971లో ఒకే షిఫ్టులో బొగ్గు తవ్వే నలుగురు కుర్రాళ్ళు గని కార్మికుల క్లబ్బుకు వెళ్ళి హాలు అడిగితే, అప్పటి పెద్దాయన నోట్లోంచి పైపు తీసి, "గాజు కొంగ ఎగరదు కదరా?" అన్నాడు.

"ఎగరదు. భావమంతా అందులోనే ఉంది," అన్నాడు డాడ్.

"భావం సంగతి నాకెందుకు గానీ, ఎనిమిదింటికల్లా ఆపెయ్యాలి. ఆ తర్వాత బింగో ఆట ఉంది."

నలభై ఎనిమిదేళ్ళలో ఆ బ్యాండుకు సంబంధించి మారనిది ఈ ఒక్క షరతే. మనుషులు మాత్రం బస్సు ఎక్కి దిగినట్టు మారిపోయారు. మొదటి గాయకుడు పాట మధ్యలో దేవుడు కనిపించాడని పాస్టరైపోయాడు. రెండో గాయకుడికి దేవుడు కనిపించలేదు గానీ వాళ్ళావిడ కనిపించి చెవి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. డ్రమ్ములు వాయించి వెళ్ళిపోయినవాళ్ళయితే పదకొండు మంది. వాళ్ళలో ఒకడు డండీలో కచేరీ విరామం వేళ చిప్స్ తెస్తానని వెళ్ళి ఇప్పటికీ తిరిగి రాలేదు. అతను కెనడాలో ఉన్నాడని కొందరంటారు. చిప్స్ మాత్రం ఎవరికీ అందలేదు.

ఒక దశలో అందరూ వెండి రంగు అంగరఖాలు తొడుక్కున్నారు. అవి వాటీ ఇంటి ముందు గది కర్టెన్లు. ఆయన భార్య సెంగా వాటిని కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి, "వేసుకుని ఏడవండి, కానీ కిటికీకి కొత్తవి నువ్వే తేవాలి," అంది. ఆ తర్వాత జుట్టు నిక్కబొడుచుకున్న కుర్రకారు వచ్చి, మూడు నిమిషాల్లో ముగియని పాట పాటే కాదన్నారు. దేశమంతా వాళ్ళ మాటే విన్నది. గ్లాస్ హెరన్ వినలేదు. వాటీ ఏటా సెలవులన్నీ పోగేసుకుని హాలండు వెళ్ళేవాడు. అక్కడ తోలు కోట్లు వేసుకున్న పెద్దమనుషులు రెండు వందల మంది కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద తాళం లెక్కపెట్టుకుంటూ, ఒక్క దరువు తప్పినా కనుబొమలు ముడిచేవారు. వాటీకి అంతకంటే స్వర్గం ఏముంటుంది?

వాళ్ళు వినడానికి వచ్చేది ఒకే ఒక్క పాట. ‘సముద్రం కింద బొగ్గు’. నలభై ఒక్క నిమిషాలు, ఏడు భాగాలు. ఆరో భాగం చివర డ్రమ్ములూ గిటారూ ఆర్గనూ కలిసి కొండ విరిగి పడ్డంత రభస చేసి ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ మీదట ఇరవై రెండు సెకన్లు ఏమీ ఉండదు. ఎవరూ దగ్గకూడదు. ఆ తర్వాత ఏడో భాగం. నాలుగు నిమిషాలు, ఒక్క ఆర్గనే.

ఆ ఇరవై రెండు సెకన్లు వాటీకి ఊరికే రాలేదు. 1973లో గని పైకప్పు కూలి గంటన్నర పాటు చీకట్లో ఒంటరిగా ఉండిపోయాడు. తల మీద రాయి, రాయి మీద సముద్రం. దీపం లేదు, చప్పుడు లేదు. చచ్చిపోతానేమోనన్న భయం కాసేపట్లో అలసిపోయి పక్కన కూర్చుంది. అప్పుడు ఆయన మనసులోకి అమ్మ రాలేదు, దేవుడూ రాలేదు. బేకరీలో మాంసం కూరిన పైలు అమ్మే సెంగా వచ్చింది. అప్పటికి ఆ పిల్లతో ఆయన మాట్లాడిందల్లా "రెండు పైలు" అని. బయటపడ్డాక మరో రెండు మాటలు కలిపి మాట్లాడాడు, ఏడాదిలో పెళ్ళయింది. ఆ చీకట్లో ఆమె ఎలా కనిపించిందో అదే ఏడో భాగం.

ఈ సంగతి డాడ్ చెప్పగా హాలండులో రెండు వందల మందికి తెలుసు. సెంగాకు తెలియదు. రికార్డు మీద పట్టక కంపెనీవాళ్ళు ఏడో భాగం కోసేశారు. పట్టినా ఆమె వినేది కాదు. "ఇంట్లో మనిషే చాలు, మళ్ళీ డబ్బాలో కూడానా?" అనేది. ఆర్గన్ క్లబ్బు వెనక గదిలోనే ఉండేది, ఇంట్లో వాయించే ప్రసక్తి లేదు.

మిగిలింది ఏటా జూన్ రెండో శనివారం క్లబ్బులో జరిగే కచేరీ. సెంగా తప్పకుండా వచ్చేది. ఎందుకంటే 1979 నుంచి అక్కడ బింగో నంబర్లు పిలిచేది ఆమే. నీలం జాకెట్టు వేసుకుని, వేదిక పక్కన నంబర్ల బంతులు తిప్పే యంత్రం దగ్గర కూర్చుని, ఒక కన్ను గడియారం మీద పెట్టేది. ఆరో భాగం రభసగా ముగిసి నిశ్శబ్దం పడేసరికి ఏటా ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువయ్యేది. హమ్మయ్య, అయిపోయింది కాబోలు అనుకుని సెంగా లేచి మైకు అందుకునేది. "మొగుళ్ళ గోల ముగిసింది. కళ్ళు కిందికి! మొదటి నంబరు..." అనేది. హాలంతా చీట్ల మీదికి వంగిపోయేది. వాటీ ఆర్గన్ మూత దించేవాడు.

ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. నలభై ఏళ్ళు!

"నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తానురా," అని డాడ్ ఎన్నోసార్లు అన్నాడు. "అమ్మా సెంగా, ఇంకో ముక్క ఉంది, అది నీ మీదే, కాస్త కూర్చో తల్లీ అంటే ఏం పోయింది?"

"చెప్పి వినిపించేదైతే వాయించడం దేనికి?" అనేవాడు వాటీ. మొండితనంలో ఆయనకు గని గోడలే గురువులు.

2019 వసంతంలో డాక్టరు వాటీ చేతులు తిరగేసి చూసి, కుడిచేతి చివరి రెండు వేళ్ళు ఇక మాట వినవనీ, మిగతావి కూడా వాటిని చూసి నేర్చుకుంటాయనీ చెప్పాడు. వచ్చే ఏటికి వాయించే ఆశ పెట్టుకోవద్దన్నాడు. వాటీ ఇంటికి వచ్చి టోపీ కూడా తియ్యకుండా వంటింట్లో నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళ మనిషికి దిగులు పట్టుకుంది. వేళ్ళు పోతున్నందుకు కాదు, ఆ పాట ఆమె వినకుండా పోతుందని.

"సెంగా."

"టోపీ తియ్యి. డాక్టరేమన్నాడు?"

"ఈ జూనే ఆఖరు అన్నాడు."

సెంగా బంగాళాదుంపలు చెక్కుతున్న చెయ్యి ఆపింది. కాసేపు ఆయన చేతుల వంక చూసింది. "పోనీలే. ఇన్నాళ్ళు వాయించావు చాలదూ? ఇకనుంచి శనివారాలు నాతో బింగో ఆడు."

"అది కాదే. నీకొకటి చెప్పాలి. ఆ పాట ఉంది చూడూ..."

"ఏ పాట?"

"నలభై ఒక్క నిమిషాలది."

"దాని సంగతి నాకు చెప్తావా? నలభై ఏళ్ళుగా దాని కింద కూర్చుని నడుం పట్టుకుపోయింది నాకు! ఇదిగో, ఈ తొక్కలు బయట పారెయ్యి."

వాటీ తొక్కలు పట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ ఎక్ గూర్లే దగ్గరికి వెళ్ళాడు. ఎక్‌కు కోటు గుండీలంటే ఎంత ప్రీతో నిబంధనలంటే అంతే ప్రీతి. బింగో ఒక్క పది నిమిషాలు వెనక్కి జరపమని వాటీ అడిగేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"బింగో వెనక్కి జరిగితే పైలూ వెనక్కి జరగాలి వాటీ. పైలు జరిగితే బేకరీ బండి జరగాలి. బండి జరిగితే పక్కూరి క్లబ్బుకు చల్లారిన పైలు వెళ్తాయి. రేపు వాళ్ళు మన మీదికొస్తే నువ్వు సమాధానం చెప్తావా?"

"పది నిమిషాలేనయ్యా! నలభై ఎనిమిదేళ్ళలో ఇదొక్కటే అడిగాను."

"అందుకే నీ మీద గౌరవం. ఒక పని చెయ్యి, కాస్త తొందర తొందరగా వాయించెయ్యి. బస్సు బానే తోలేవాడివి కదా?"

పన్నెండో డ్రమ్మరు మోరాగ్ బళ్ళో లెక్కల టీచరు. ఆ తాళాలు వాయించాలంటే చివరికి లెక్కల టీచరే దిక్కయింది. ఆమె కాగితం మీద గీతలు గీసి తేల్చేసింది. "చిన్న పాటలన్నీ తీసేద్దాం తాతా. ఏడింటికి తిన్నగా పెద్ద పాటే మొదలెడదాం. ఏడూ నలభై ఒకటికి అయిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని రెండు సెకన్లు చేస్తే మామ్మగారు లేచేలోపే ఏడో భాగంలో ఉంటాం."

"ఏడింటికి మొదలెడదాం," అన్నాడు వాటీ. "కానీ ఇరవై రెండులో ఒక్కటి కూడా తగ్గించను. నేనక్కడ గంటన్నర ఉన్నానమ్మా. అందులో ఇరవై రెండు సెకన్లే అడుగుతున్నాను."

మోరాగ్ కాగితం మీద రెండు కొట్టేసి ఇరవై రెండు రాసింది.

ఆ శనివారం హాలు కిటకిటలాడింది. పడమటి కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పడుతోంది. మాంసం బహుమతిగా పెట్టిన క్లబ్బు లాటరీలో గెలిచినవాళ్ళు పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏడయింది. వాటీ ఆర్గన్ మీద చేతులు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎక్ గూర్లే వేదిక ఎక్కి జేబులోంచి కాగితాలు తీశాడు. ఒకటి కాదు, ఐదు.

వీడ్కోలు ప్రసంగమట! వాటీ పుట్టుక, వాటీ తండ్రి పావురాలు, వాటీ బస్సు, క్లబ్బు పైకప్పు మరమ్మతు, అందులో ఎక్ గూర్లే పాత్ర, అన్నీ వచ్చాయి. పాట గొప్పదని అన్నాడు గానీ పాటకు చోటు వదల్లేదు. చివరికొక గడియారం బహూకరించి దిగేసరికి ఏడూ పదిహేడు. డాడ్ గడియారం చూసి చిన్నగా తిట్టుకున్నాడు. మోరాగ్ లెక్కంతా గంగలో కలిసింది.

మొదలుపెట్టారు. వాటీ ఎనిమిది వేళ్ళతో వాయించాడు, మిగతా రెంటినీ వెంట ఈడ్చుకుపోయాడు. మూడో భాగంలో ముందు వరస ముసలాళ్ళు బీరు తెచ్చుకోవడానికి లేచారు, ఎప్పుడూ అక్కడే లేస్తారు. నాలుగో భాగానికి తిరిగొచ్చారు. ఆరో భాగం హాలు కిటికీలను గడగడలాడించి, ఠక్కున ఆగింది.

ఏడూ యాభై నాలుగు. వాటీ లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. మూడు. నాలుగు. కుర్చీ కిర్రుమంది. ఐదు. నీలం జాకెట్టు లేచింది. ఆరు. బంతుల యంత్రం గిర్రున తిరిగింది.

"మొగుళ్ళ గోల ముగిసింది. కళ్ళు కిందికి! మొదటి నంబరు, కాళ్ళ జత, పదకొండు..."

"కూర్చోవే సెంగా!"

నలభై ఎనిమిదేళ్ళలో వాటీ వేదిక మీద నోరు తెరవడం అదే మొదలు. హాల్లో ఒక్క పెన్ను కదల్లేదు. సెంగా ముఖం ఎర్రబడింది. అందరి ముందూ అంత మాట అన్న మొగుణ్ణి ఏం చెయ్యాలో ఆమె ఆలోచిస్తూండగానే, వాటీ మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

"ఇంకా అయిపోలేదు. నలభై ఏళ్ళుగా అయిపోలేదు. ఏటా ఇక్కడే లేచిపోతున్నావు నువ్వు. కప్పు కూలిన రోజు, ఆ చీకట్లో, నేను నిన్నే తలుచుకున్నాను. తర్వాతది అదే. నీదే."

సెంగా మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బంతుల యంత్రం ఒక్కటే తిరుగుతోంది. ముందు బల్ల దగ్గరి ముసలావిడ లేచి దాని తీగ పీకేసింది.

వాటీ మళ్ళీ మొదటి నుంచి ఇరవై రెండు లెక్కపెట్టాడు. హాల్లో ఎవరూ దగ్గలేదు. అప్పుడు వాయించాడు.

నాలుగు నిమిషాలు. గొప్పగా వాయించాడని చెప్పలేం. రెండు చోట్ల వేళ్ళు అందలేదు, ఒక చోట తప్పు మెట్టు మోగింది. హాలండువాళ్ళయితే కనుబొమలు ముడిచేవారే. కానీ చీకట్లో ఒక మనిషి మరో మనిషిని పేరు పెట్టి పిలవడానికి ధైర్యం చాలక, పిలిచి, మళ్ళీ పిలిచి, చివరికి గట్టిగా పిలిచినట్టుంది ఆ పాట. అది సంగీతం బొత్తిగా పట్టని ఎక్ గూర్లేకు కూడా అర్థమైంది. ఆయన గడియారం చూడటం మరిచిపోయి గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆఖరి స్వరం తగ్గి ఆగిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇది ముగింపో, మరో నిశ్శబ్దమో ఎవరికీ తెలియలేదు. ఇందాకటి అరుపు విన్నాక కదిలే ధైర్యం ఎవరికుంది? పైల పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చిన బేకరీ మనిషి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. అర నిమిషం గడిచింది. నిమిషం గడిచింది.

సెంగా మైకు పెదాల దగ్గరికి తెచ్చుకుంది.

"అయిపోయిందా, వాటీ?"

"అయిపోయింది."

హాలు మీద కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు పడ్డాయి. డాడ్ ముక్కు చీదుకున్నాడు. ఎక్ గూర్లే ఉలిక్కిపడి లేచి, "ఎనిమిది దాటింది! సెంగా, నంబర్లు!" అని కేకేశాడు.

"నువ్వు కూర్చో ఎక్," అంది సెంగా మైకులో. ఆమె కన్నీళ్ళు తుడుచుకోలేదు, వాటిని ఎవరు చూస్తే ఏమన్నట్టు వేదిక మెట్లెక్కి ఆర్గన్ పక్కకు వచ్చింది. వాటీ ఒళ్ళో పడి ఉన్న కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చలికాలం బేకరీలో పిండి మెత్తబరిచినట్టు ఒక్కో వేలూ నొక్కింది. చివరి రెండు వేళ్ళనూ ఎక్కువసేపు నొక్కింది.

"మళ్ళీ వాయించు," అంది.

వాటీ బెదిరిపోయాడు. "మొదట్నించా?"

"నాకంత ఓపిక లేదు గానీ," అంది సెంగా, ఆయన్ను కొంచెం అటు జరిపి బల్ల మీద పక్కన కూర్చుంటూ, "నా ముక్క ఒక్కటీ వాయించు."