అక్క ముఖం ఉన్న బొమ్మ

నేను బొమ్మలు చేస్తాను. పిల్లలు ఆడుకునేవి కాదు. వీడియో గేముల్లో వచ్చే మనుషుల్ని జానెడు ఎత్తు వినైల్ బొమ్మలుగా చేసి, అందమైన అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లలో చానామంది పెట్టె కూడా తెరవకుండా అద్దాల బీరువాలో దాచుకుంటారు. ఆ బొమ్మకు మొదటి రూపం ఇచ్చేది నా పని. హోసూరులో అమ్మా నేనూ ఉండే ఇంటి ముందుగదిలోనే నా కంప్యూటరు, ఆకురాళ్లు, రంగులు. బెంగుళూరు కంపెనీ వాళ్లు ఏ బొమ్మ కావాలంటే అది చేసి పంపిస్తాను.

పోయిన సంవత్సరం వాళ్ల కొత్త గేములో ఒక ఆడమనిషి వచ్చింది. కొండమీద కోటను ఒంటరిగా కాస్తుంది. యుద్ధంలో దెబ్బ తగిలి ఎడమబుగ్గ మీద మచ్చ పడింది. ముఖం ఎట్లుండాలో చెప్పలేదు, నీకు తోచినట్టు చెయ్యమన్నారు. కోట కోసం రాయకోటకు పోయి గుట్టెక్కి గోడలు చూసొచ్చినాను. ముఖం కోసం యాడికీ పోలేదు. కూర్చుంటే వచ్చేసింది. నాకు మామూలుగా ముఖాలు అంత సులువుగా రావు.

కంప్యూటర్లో చేసిన బొమ్మను అచ్చు తీయించి, ఆ నమూనాను ఉప్పుకాగితంతో రుద్దతా ఉంటే అమ్మ కాఫీ తెచ్చింది. లోటా చేతిలోనే పెట్టుకోని బొమ్మనే చూస్తా నిలబడిపోయింది.

"మీ అక్కను ఎందుకు చేసినావు పాపా?"

"అక్క కాదుమా. గేములో మనిషి."

"నాకు తెలీదా?" అనింది అమ్మ. లోటా పెట్టేసి లోపలికి పోయింది.

అప్పుడు చూసినాను. ఆ గడ్డం అక్కదే. కింది పెదవి కొంచెం బిగబట్టినట్టుండేది కూడా అక్కదే. మచ్చ కూడా అక్కకున్నట్టే చెవి కిందనుంచి మొదలై బుగ్గ మధ్యకు వచ్చి ఆగింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది తల. ఎడమబుగ్గ కనపడకుండా తల కొంచెం తిప్పి పెట్టినాను. అక్క ప్రతి ఫోటోలో అట్లనే నిలబడుతుంది.

మా నాయన బర్గూరు దగ్గర రాళ్లు కోసే చోట పనిచేసేవాడు. అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయనకు సంగటి తీసుకోని పోయింది. ఉలి దెబ్బకు రాతిముక్క ఎగిరి ఆమె బుగ్గ కోసుకుపోయింది. పెద్దయినాక ఎన్ని సంబంధాలు వచ్చినా మచ్చ దగ్గర ఆగిపోయినాయి. కొన్నాళ్లకు అక్కే చాలు అనేసింది. ఇప్పుడు బర్గూరులో బడిలో పాఠాలు చెప్తా ఒక్కతే ఉంటుంది.

కంపెనీ వాళ్లకు నమూనా బాగా నచ్చింది. వాళ్లలో పెద్దాయన ఫోన్ చేసినాడు.

"ముఖంలో ప్రాణముందమ్మా. ఒక్క మార్పు చెయ్యండి. తల ఇటు తిప్పండి. మచ్చ ఎదురుగా కనపడాలి. దానికి అందమే ఆ మచ్చ."

సరే సార్ అనేసినాను గానీ ఆ పని చెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ ఆదివారం నమూనాను గుడ్డలో చుట్టుకోని బర్గూరు బస్సెక్కినాను.

అక్క బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకపోయింది. నేను ఏమీ చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. బొటనవేలితో మచ్చను మెల్లగా తడిమింది.

"ఎంతమంది కొంటారు దీన్ని?"

"తెలీదక్కా. చానామందే కొంటారు."

"కొని ఏం చేస్తారు?"

"ఇంట్లో పెట్టుకోని చూస్తారు."

అక్క కుర్చీలో కూర్చునింది. "నాకు రాయి తగిలినప్పుడు నువ్వు పాలు తాగే బిడ్డవి. నాకు నొప్పి పుట్టింది నువ్వు చూళ్లేదు. నీకు మచ్చే తెలుసు."

"నేను అనుకోని చెయ్యలేదక్కా. వద్దంటే మచ్చ తీసేస్తాను."

"నన్ను పెండ్లికి చూడను వచ్చినోళ్లంతా అదే కదా అనింది, మచ్చ లేకపోతే పిల్ల బాగుండేదని. నువ్వు కూడా తీసేసి బాగుందని చూస్తావా?"

అక్క బొమ్మను మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

"వేరే ముఖం పెట్టు పాపా. నాది వద్దు." తరువాత లేచి అన్నం వడ్డించింది. తినేంతసేపు అమ్మ కండ్లకు చేయించాల్సిన ఆపరేషన్ గురించే మాట్లాడింది.

మరుసటి దినం కంపెనీకి ఫోన్ చేసి ముఖం మారుస్తానని చెప్పినాను. ఎందుకని అడిగితే ఇది మా ఇంటిమనిషి ముఖం, ఆమెకు ఇష్టం లేదు అన్నాను. "మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఈ ముఖం ఇప్పటికే అందరికీ చూపించినాము. నచ్చింది. ఇంక మార్చలేము," అన్నాడు పెద్దాయన. నేను పంపిన కంప్యూటరు బొమ్మ వాళ్ల దగ్గరే ఉంది. తల తిప్పే పని ఇంకెవరితోనో చేయించుకున్నారు. ఆ మాట చెప్పడానికి అక్కకు ఫోన్ చేస్తే "ఊఁ" అని పెట్టేసింది. ఆ తరువాత చానాదినాలు నేను చేస్తే ఎత్తలేదు. అమ్మతో మాత్రం మాట్లాడేది.

బొమ్మలు అమ్మకానికి వచ్చినాయి. నాకూ ఒకటి పంపినారు. పెట్టె తెరవకుండా బట్టల బీరువాలో పెట్టేసినాను. కొన్నవాళ్లు తీసిన ఫోటోలు ఫోన్లో కనపడతా ఉంటే గబగబా కిందికి తోసేసేదాన్ని. ఆ మచ్చ ఎంత బాగుందో అని రాసేవాళ్లు.

అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు అక్క హోసూరు వచ్చింది. మధ్యాన్నం అమ్మ నిద్రపోయినాక నా గదిలోకి వచ్చి అడిగింది.

"ఆ బొమ్మ ఉండాదా?"

తెచ్చిచ్చినాను. పెట్టె తనే తెరిచింది. ఎదురుగా తిప్పిన ముఖం, ఎర్రగా రంగేసిన మచ్చ. అక్క చానాసేపు చూసింది.

"ఇంత లోతుగా యాల చేసినారు? నాది ఇంత లోతు లేదు."

"నేను చేసిందే అంత లోతక్కా."

ఆమె బుగ్గమీదికి కప్పుకున్న కొంగు పక్కకు తీసి, వెలుతురుకు ముఖం తిప్పి, నా చెయ్యి పట్టుకోని తన బుగ్గమీద పెట్టింది. పుట్టినప్పటినుంచి అక్కను చూస్తా ఉన్నాను, ఆ మచ్చను ఎప్పుడూ ముట్టుకోలేదు. మెత్తగా, దాదాపు చర్మంలో కలిసిపోయినట్టుగా ఉంది. చేతికి సరిగా తగలను కూడా లేదు.

"చూసినావా?" అనింది.

నాకు ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు. నన్ను ఓదార్చనూ లేదు. నా చెయ్యి వదిలేసి, అమ్మకు మందు వేసే వేళయిందని లేచి పోయింది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతుంది. అమ్మ గురించి, బడి గురించి చెప్తుంది. నా పని గురించి అడగదు. నేను మనుషుల బొమ్మలు ఒప్పుకోవడం మానేసినాను, జంతువులూ యంత్రాలూ చేస్తా ఉన్నాను. బర్గూరు బడిలో ఎవరైనా ఆ బొమ్మను చూసి, అక్క ముఖంతో పోల్చి చూసినారో లేదో నాకు తెలీదు. అడగాలని ప్రతిసారీ అనుకుంటాను, అడగలేను.