పట్టీ కత్తిరించిన హెల్మెట్

మా ఆయన పోయిన మూడో రోజు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరుగారూ సంఘం వాళ్ళూ వచ్చేలోపు నేను చేసిన పని హెల్మెట్ కడగడం. మిగతావాళ్ళు ఏడుస్తున్నారు. నాకు మాత్రం మెట్ల కింద ప్లాస్టిక్ కవరులో రక్తం అంటిన వస్తువు ఒకటి ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు. ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేసిన చేతులు నావి. రక్తం కనిపిస్తే కడగడమే వాటికి తెలుసు. బకెట్‌లో బ్లీచింగు నీళ్ళు కలిపి, పళ్ళు తోముకునే పాత బ్రష్‌తో సందులన్నీ రుద్ది, మిద్దె మీద ఎండలో ఆరబెట్టాను. లోపలి మెత్త, తెగిన పట్టీ బాగుపడేలా లేవు. వాటిని ఊడదీసి మూటకట్టి, మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు మా ఆసుపత్రికి పట్టుకెళ్ళి, రక్తం అంటిన చెత్త వేసే పసుపు డబ్బాలో వేశాను. ఇంటి చెత్తలో కలపకూడదని జూనియర్లకు రోజూ చెప్పేదాన్ని నేనే.

అలా నా భర్త తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నా చేతులతో నేనే శుభ్రంగా కడిగేశాను.

ఆయన బెంగళూరు పక్కన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవారు. ఉదయం షిఫ్టుకు మోటార్‌సైకిల్ మీద వెళ్తుంటే, ఒక గేటులోంచి లారీ ముందూ వెనకా చూడకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. ఎవరో ఆటో డ్రైవరు ఆయన్ని దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. లారీ డ్రైవరు మీద పోలీసులు కేసు రాశారు. పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో నేనూ మా అత్తమ్మా కలిసి అర్జీ వేశాం. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

లారీ ఇన్సూరెన్సు వాళ్ళ లాయరు నన్ను బోనులో నిలబెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు. పోలీసుల పంచనామాలో రోడ్డు మీద దొరికిన చెప్పు ఉంది, టిఫిన్ క్యారియర్ ఉంది, హెల్మెట్ మాత్రం లేదు, ఎందుకని? ఇంట్లో ఉందన్నాను. తర్వాతి వాయిదాకు తీసుకెళ్ళాను కూడా. ఆ లాయరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత శుభ్రంగా ఉందేమమ్మా? ఈ మధ్యే కొన్నారా?" అన్నాడు. నేనే కడిగానన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట నాకే అబద్ధంలా వినిపించింది. పైగా పట్టీ లేదు, మెత్త లేదు. హెల్మెట్ లేకుండా బండి నడపడం వల్లే తలకు దెబ్బ తగిలిందనీ, చావులో సగం తప్పు చనిపోయిన మనిషిదేననీ అతని వాదన. నా ఒళ్ళు మండిపోయింది. రెండు వీధుల అవతల ఉన్న పాలబూత్‌కు వెళ్ళినా హెల్మెట్ పెట్టుకునే మనిషి మా ఆయన. అందుకు నేనే ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

బయటికొచ్చాక మా లాయరు నన్ను ఒక పక్కకు పిలిచారు. తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. "సిస్టర్, లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టుకుందాం. కొంచెం తప్పు మనమీద వేసుకుంటే వాళ్ళు ఒప్పుకుంటారు. తొందరగా తెగిపోతాది" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "ఒప్పుకుందాం పాపా. ఈ గలాటా చాలు. కోర్టు చుట్టూ తిరిగేదానికి నీకు బలముండాదేమో, నాకు లేదప్పా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. బస్సులో ఆమెకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆపుకోలేకపోయాను. కన్న కొడుకు మీద లేని తప్పు రాసుకుంటామంటే ఊ కొట్టే తల్లిని నేనెక్కడా చూడలేదన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె కొంగు అంచు మడవసాగింది. మడుస్తూనే చెప్పింది. "లేని తప్పని నీకేం తెలుసు? ఆ పొద్దున వానికి మాడుకు ఆముదం పెట్టింది నేను."

అది మాకందరికీ తెలిసిన అలవాటే. కొలిమి దగ్గర పనిచేసే ఒంటికి వేడి చేస్తుందని వారానికోసారి, సోమవారం పొద్దున, అరచేతిలో ఆముదం వేసుకుని కొడుకు మాడుకు దట్టంగా పట్టించేది. ఆయన గొణుగుతూనే తల వంచేవారు.

"హెల్మెట్టంతా జిడ్డయితాది వద్దమ్మా అన్నాడు. నేనే వినలేదు. జిడ్డని దాన్ని తీసి హ్యాండిల్‌కు తగిలించుకున్నాడేమో. ఆ లాయరు చెప్తా ఉంటే నాకు అదే కళ్ళ ముందర కనబడింది. నా బిడ్డను నేనే చంపుకున్నానేమో పాపా."

అప్పుడు తట్టింది నాకు, ఆమె అన్ని నెలలుగా ఆముదం సీసా ముట్టుకోలేదని. వంటింటి అటక మీద, పాత డబ్బాల వెనక్కి తోసేసి ఉంది. నేను కడుగుతున్నప్పుడు మెత్తలో ఆముదం వాసన వచ్చిందని చెప్పాను. "ఎప్పుడూ వచ్చేదే కదా" అంది. అదీ నిజమే. ఆ వాసనతో ఆ ఒక్క పొద్దుటి సంగతి తేలదు.

ఇక నాకు పరిహారం సంగతి వెనక్కి పోయింది. హెల్మెట్ ఆయన తల మీద ఉందని తేలకపోతే ఈ ముసలావిడ బతికినన్నాళ్ళూ తన అరచేయి చూసుకుని కుమిలిపోతుంది. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

ఆసుపత్రిలో హెల్మెట్ ఉన్న ఆ కవరు నాకు ఎవరిచ్చారు? ఎంత ఆలోచించినా మొహం గుర్తు రాలేదు, పచ్చ గౌను తప్ప. అప్పుడు బుర్ర పనిచేసింది. ఎమర్జెన్సీ నుంచి ఏ కవరూ ఊరికే బయటికి రాదు. మనిషి ఒంటి మీది ప్రతి వస్తువూ రిజిస్టరులో రాసి, ఇద్దరు నర్సులు సంతకాలు పెట్టి, తీసుకున్న చుట్టంతో సంతకం పెట్టించి అప్పుడే ఇస్తారు. ఒంటి చెప్పు ఉన్నా రాయాలి. రాయలేదని ఎంతమంది జూనియర్ పిల్లల్ని నేను ఏడిపించానో లెక్కలేదు. అలాంటిది నా సొంత విషయంలో ఆ పుస్తకం గుర్తుకు రావడానికి అన్ని నెలలు పట్టింది.

ఆ ఆసుపత్రి రికార్డు గదికి కాళ్ళరిగేలా తిరిగాను. పోలీసు కేసు కాగితాలు కోర్టు అడిగితే తప్ప ఇవ్వమన్నారు. నేనా కుర్చీలో ఉన్నా అదే చెప్పేదాన్ని కాబట్టి వాళ్ళని తిట్టలేకపోయాను. కోర్టు ద్వారా ఆ రిజిస్టరు తెప్పించమని మా లాయరును అడిగితే ఆయన జంకారు. "అది తెప్పించినాక దాంట్లో హెల్మెట్ లేదనుకోండి, మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు అయితాది. ఆలోచించుకోండి సిస్టర్."

"రాసింది నర్సండీ. రాసే ఉంటుంది" అని పట్టుబట్టి కోర్టులో అర్జీ పెట్టించాను.

అన్నానే గానీ, వాయిదా వచ్చేదాకా నాకూ అనుమానమే. రద్దీగా ఉన్న పూట, ముగ్గురు పేషెంట్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు, 'తర్వాత రాద్దాంలే' అని నేను మాత్రం ఎన్నడూ అనుకోలేదా?

వాయిదా రోజు అత్తమ్మ రానంది. రావాల్సిందేనని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. రికార్డు గది ఉద్యోగి పొడవాటి నీలం అట్ట పుస్తకం పట్టుకొచ్చి, తేదీ వెతికి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. చేతి గడియారం ఒకటి, అద్దం పగిలింది. పర్సు ఒకటి. ఉంగరం ఒకటి. చెప్పు ఒకటి. అక్కడ పేజీ తిప్పాడు. హెల్మెట్ ఒకటి, తలకు ఉన్నది, పట్టీ కత్తిరించి తీశాం. కింద ఇద్దరు నర్సుల సంతకాలు. వాటి కింద నాది. వంకర టింకరగా ఉన్నా అది నా సంతకమే. ఎప్పుడు పెట్టానో ఈనాటికీ గుర్తు లేదు.

ఇన్సూరెన్సు లాయరు ఒకటి రెండు ప్రశ్నలు వేసి కూర్చున్నాడు. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. ఏమైందో తెలియక నా మొహమే చూస్తోంది.

"పెట్టుకునుండాడా?" అని అడిగింది.

పెళ్ళయినప్పటి నుంచీ ఆమె యాసను వెక్కిరించిన దాన్ని, ఆ పూట నా నోట ఆ యాసే వచ్చింది. "పెట్టుకునే ఉండాడు అత్తమ్మా. పట్టీ కూడా బిగించుకునుండాడు. కత్తిరిస్తే గానీ రాలేదంట."

కోర్టు హాలని కూడా చూడకుండా ఆమె ఘొల్లున ఏడ్చింది. బంట్రోతు వచ్చి బయటికి వెళ్ళమన్నాడు. "కాసేపు ఉండు నాయనా" అని నేను అతని చెయ్యి పట్టుకున్నాను. జడ్జిగారు చూసి, ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపారు.

తీర్పు కొన్ని నెలల తర్వాత వచ్చింది. తప్పంతా లారీదేనని, చనిపోయిన మనిషి తప్పు ఏమీ లేదని రాశారు. ఆ వాక్యాన్ని మా లాయరుతో రెండుసార్లు చదివించుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే అత్తమ్మ వంటింట్లోంచి కేకేసింది. అటక మీంచి సీసా దించి, అరచేతిలో ఆముదం వేసుకుని నిలబడి ఉంది. "రా పాపా, వార్డుల్లో నిలబడి నిలబడి ఒళ్ళంతా వేడి చేసుండాది నీకు."

నాకు ఆముదం వాసనంటే చిన్నప్పటి నుంచీ పడదు. వెళ్ళి తల వంచాను. మాడు మీద ఆమె చెయ్యి చాలాసేపు ఉంది. స్కూటరు తీస్తుంటే వెనకే వచ్చి నా హెల్మెట్ చేతికిచ్చింది. జిడ్డు తల మీదే పెట్టుకున్నాను. గడ్డం కింద పట్టీ ఆమే బిగించి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూసింది.