నాలుగు ఇసుక సంచులు

మా పికప్ ట్రక్కు మంచులో దిగబడిన రోజు తప్పు పూర్తిగా నాదే. మా ఆయన దగ్గర ఇంత సూటిగా ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా.

ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఇద్దరికీ ఉద్యోగాలున్న రోజుల్లో కొన్నాం ఆ బండిని. పాతది. ఇంజన్ బలం వెనక చక్రాలకే అందుతుంది. ఇలాంటిది మంచులో ఎందుకూ పనికిరాదని ఆఫీసులో అందరూ చెప్పారు. మా ఆయన వింటేగా! బియ్యం అయిపోయాక ఖాళీ సంచులు పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. వాటిలో నాలుగింటిని ఇసుకతో నింపి, మూతులు కట్టి, చలికాలమంతా వెనక తొట్టిలో సరిగ్గా చక్రాల మీదికి వచ్చేటట్టు పెట్టేవాడు. బరువుంటే చక్రం నేలను పట్టుకుంటుందట. ఎవరు చెప్పారని అడిగితే, "మా వరంగల్ దిక్కు ఏ ట్రాక్టర్ డ్రైవర్‌నడిగినా జెప్తడు" అనేవాడు. నాది కాకినాడ. ట్రాక్టర్ల సంగతి నాకేం తెలుసు! ఎంఎస్‌లో ఒకే క్లాసులో చదివాం కాబట్టి మా మధ్య 'నువ్వు'లే. మా అమ్మ ఫోన్‌లో వింటుంటే మాత్రం నా నోట 'మీరు' వచ్చేస్తుంది.

చలికాలం శనివారాల్లో కొండల్లోకి పోయే ఫారెస్ట్ రోడ్డు పట్టుకుని, ఒక వాగు పక్కన బండి ఆపి, ఫ్లాస్కులో టీ తాగి వచ్చేవాళ్లం. దిగబడని శనివారం తక్కువ. తను స్టీరింగ్ దగ్గర, నేను వెనక నెడుతూ, ఒకళ్లనొకళ్లం తిట్టుకుంటూ బయటపడేవాళ్లం. ఇంటికొచ్చేదాకా ఆ పోట్లాట నడిచేది. అంత సుఖంగా ఉన్నామని అప్పుడు తెలియలేదు.

పోయినేడు తన ఉద్యోగం పోయింది. వీసా నిలవాలంటే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి. గడువు దగ్గర పడ్డాక, విమానమెక్కితే తప్ప చేరలేని బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ దొరికింది, వెళ్లిపోయాడు. నా ఆఫీసు నన్ను ఇక్కడి నుంచి కదలనివ్వదు. ఈ చలికాలం మొదట్లో ఒకరోజు ఫోన్‌లో, "బండి ఊకెనే నిలవెట్టుడెందుకు? అమ్మేయ్" అన్నాడు. ఆ బండి అమ్మితే ఇంక తను ఇక్కడికి తిరిగి రాడనే కదా అర్థం. ఆ మాట అడగడానికి భయమేసి, కోపం తెచ్చుకుని, "సరే, అమ్మేస్తా" అన్నాను.

ఒకాయన ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. శుక్రవారం బండి శుభ్రం చేశాను. ఇసుకంతా పెరట్లో గుమ్మరించి, తొట్టి కడిగి, సంచులు మడిచి సీటు వెనక తోశాను. శనివారం పొద్దున్నే, ఒక్కసారి ఆ వాగు దాకా వెళ్లొద్దామనిపించింది. ఇసుక సంగతి గుర్తే రాలేదు.

వాగు దగ్గర బండి తిప్పుతుంటే వెనక భాగం పక్కకు జారి మెత్తటి మంచులో కూర్చుంది. నేను ఆక్సిలరేటర్ తొక్కాను. చక్రాలు ఉన్నచోటే తిరిగి ఇంకా లోతుకు పోయాయి. దిగి టైర్‌ను ఒక్క తన్ను తన్నాను, కాలు నొప్పి పుట్టింది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. తను కావాలనిపించింది. బండి తీయడానికి కాదు, తిట్టుకోవడానికి.

కాసేపు ఏడ్చి, తను అరిచే అరుపులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. "ముందుగాల సైలెన్సర్ కాడ మంచు తియ్, లేకుంటే పొగ లోపటికొస్తది." తీశాను. "టైర్ల గాలి కొంచెం దించు, మెత్తగైతే పట్టుకుంటది." తాళంచెవి కొసతో వాల్వు నొక్కి దించాను. బండిలో ఎప్పుడూ ఉండే పారతో చక్రాల ముందూ వెనకా తవ్వాను. బరువెలా? సీటు వెనక ఖాళీ సంచులు కనిపించాయి. ఇసుక లేకపోతేనేం, చుట్టూ ఉన్నదంతా మంచే కదా. రెండు సంచుల్లో పారతో మంచు కుక్కి కుక్కి తొట్టిలోకి ఎక్కించాను. అవి చాలవని తొట్టిలో కూడా ఇంత మంచు పోశాను. మిగిలిన రెండు సంచులూ చక్రాల కింద పరిచాను.

తర్వాత మెల్లగా ముందుకి, మెల్లగా వెనక్కి, ఉయ్యాల ఊపినట్టు ఊపాను. అయిదో సారికో ఆరో సారికో బండి సంచుల మీదికెక్కి బయటికొచ్చింది. "ఆగకు, గట్టి నేలొచ్చేదాక పో!" అని తను అరిచేవాడు. ఆగకుండా పోయాను. అలవాటుగా అద్దంలో వెనక్కి చూశాను. నెట్టి, ఒళ్లంతా మంచుతో పరిగెత్తుకొచ్చి ఎక్కడానికి అక్కడ ఎవరూ లేరు. నెట్టే పని నాదే కదా, నేనేమో ఇక్కడ స్టీరింగ్ దగ్గరున్నాను. నడుచుకుంటూ వెనక్కి వెళ్లి సంచులు తెచ్చుకున్నాను.

సిగ్నల్ వచ్చేసరికి తన మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఇసుక సంచులున్నయి గదా, ఎట్ల దిగబడ్డది?"

"తీసేశాను. కొనేవాళ్లకి నీట్‌గా కనబడాలని."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నేనుండాల్సింది" అన్నాడు.

"ఉండాల్సిందే" అన్నాను. "నేను బండి అమ్మను. నువ్వెప్పుడొస్తావో నేనడగను, నీకే తెలీదు. బండి మాత్రం అమ్మను."

"అయితే ఇసుక నింపు మల్ల," అన్నాడు. "నిండ నింపు."

కొంటానన్నాయనకి సారీ అని మెసేజ్ పెట్టి, గ్యాస్ స్టేషన్‌లో టైర్లకి గాలి కొట్టుకుని ఇంటికొచ్చాను. ఆదివారం పెరట్లో కుప్పగా పడున్న ఇసుకను మళ్లీ సంచుల్లోకి ఎత్తాను. నిండా నింపితే ఒక్కదాన్నే లేపలేకపోయాను. ఇన్నాళ్లూ ఒక పక్క నేనూ, ఒక పక్క తనూ పట్టుకునేవాళ్లమని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగూ సగానికి నింపి, మూతులు కట్టి, తొట్టిలో పెట్టాను. మిగతా సగం ఇసుక పెరట్లోనే ఉంది, వాన పడకుండా టార్పాలిన్ కప్పాను.