స్కానర్‌లో గరగర

లండన్ ఈస్ట్ హామ్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్, సైరన్ వినబడితే చాలు, పాత రేడియో స్కానర్‌కి చెవి ఆనించేవారు. అందులో పోలీసుల మాటలు వినబడటం మానేసి ఏళ్లయింది. బయటివాళ్లకి అర్థం కాకుండా కోడ్‌లోకి మార్చేశారు, వచ్చేది గరగరే. ఆ గోలకి నాకు ఒళ్లు మండేది.

లండన్‌లో అల్లర్లు రేగిన సాయంత్రం ఆయన కూతురు షాపు డ్యూటీ నుంచి రాలేదు, ఫోను ఎత్తలేదు. అంకుల్ స్కానర్ తిప్పుతూనే ఉన్నారు.

“ఒకప్పుడు గొడవ ఏ వీధిలోనో తెలిసేదమ్మా. ఇప్పుడు మన గుమ్మంలో జరిగినా మనకి చెప్పరు.”

కాసేపటికి ఆ పిల్ల వచ్చింది. మోచేయి గీరుకుపోయి ఉంది.

“ఏమైంది తల్లీ?”

“నథింగ్, డాడ్.”

గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది.

బయట మళ్లీ సైరన్. అంకుల్ స్కానర్ కట్టేసి, ఆ తలుపుకి చెవి ఆనించారు.