మావయ్యగారి అప్పడాల డబ్బా

మన్మథరావుగారు మనిషి మాట నమ్మరు. అప్పడం మాట నమ్ముతారు.

రాయగడ బజారులో ఆయనది చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. నలభై ఏళ్లుగా చెమ్మతో యుద్ధం. చెమ్మ తగిలిందంటే బస్తా బూజు పట్టి పోయినట్టే. గోదాములో గాలి పొడిగా ఉందో లేదో చూడ్డానికి ఆయనకి యంత్రాలక్కర్లేదు. కాల్చిన అప్పడం ఒకటి పళ్లెంలో పెట్టి, అరగంట ఆగి విరుస్తారు. ఫెళ్లుమంటే సరే. వంగిందో, ఇక ఆ రోజు బస్తాలు మోసే కళాసీలకి మూడినట్టే.

పెళ్లి భోజనాలకి వెళ్లినా ఆయన విస్తట్లో అప్పడం తినరు. విరిచి చూసి, "మీ పందిట్లో సెమ్మున్నాది" అని పెళ్లివారికి చెప్పి మరీ వస్తారు.

రెండువేల నాలుగులో ఆయన కొడుకు అమర్‌నాథ్‌కి పెళ్లయింది. కోడలు రోజారమణి సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఆ పిల్ల గుండెల్లో ఒక గుబులుంది. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఆరేళ్లుగా రాలేదు. "పోయిన జబ్బు సంగతి ఎవులికీ సెప్పకమ్మీ" అంది తల్లి. చెప్పలేదు. ఎందుకైనా మంచిదని ఇన్‌హేలర్ ఒకటి మాత్రం పెట్టె అడుగున, చీరల మధ్య దాచి తెచ్చుకుంది.

కొత్త జంట గదికి మావగారు ఏసీ కొన్నారు. టోకు వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది! పదడుగుల గదికి ఒక టన్ను చాలని కొట్టువాడు మొత్తుకున్నా వినలేదు. "ఎక్కువ తీసుకుంటే లాభమే గానీ నష్టమేటి?" అని రెండు టన్నులది పట్టుకొచ్చేరు. వీధి వీధంతా చూసి వెళ్లింది. అత్తగారు సూర్యకాంతమ్మ నెలరోజులపాటు దాని గురించే చెప్పుకున్నారు.

ఆ రాక్షసి ఐదు నిమిషాల్లో గదిని గడగడలాడించి, తన పని అయిపోయిందన్నట్టు ఆగిపోయేది. గాలి చల్లగానే ఉండేది, తడిగానూ ఉండేది. వానలు మొదలయ్యేసరికి దుప్పట్లు చెమ్మగిల్లాయి. బీరువా వెనక గోడ నల్లగా బూజు పట్టింది. శ్రావణం రాకముందే రోజారమణి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

పిల్ల హడలిపోయింది. తెలిస్తే జబ్బుపిల్లని అంటగట్టారంటారు. పుట్టింటికి పంపేస్తారు. కుళాయి తిప్పి ఆ చప్పుడులో దగ్గేది. అమర్‌నాథ్ సంగతా? నిద్రపోయాడంటే పక్కన డప్పులు వాయించినా కదలడు.

సరిగ్గా అప్పుడే మావగారి అప్పడాలు గోదాము దాటి ఇంట్లోకొచ్చాయి. గడప మీద ఒకటి, బీరువా మీద ఒకటి. "తడిబట్టలు ఇంట్లో ఆరెయ్యకండి!" "అన్నం వార్చినప్పుడు తలుపెయ్యండి!" "ఏసీ ఏసి, కిటికీ తీసినోలెవులు?" ఇవి చాలక ఏసీ గొట్టం కింద చెంబు పెట్టి రోజూ నీళ్లు కొలిచేవారు.

"సల్లగున్నాదా బావా?" అని ఎదురింటి జగ్గారావు అడిగేడు.

"సల్లదనం ఎవుడిక్కావాల? అర సెంబు నీళ్లు కూడా రాలేదు. తడంతా గాల్లోనే ఉండిపోనాది" అన్నారాయన దిగులుగా.

వంటింట్లో ఆయన అప్పడాల డబ్బా ఉండేది. "నేను తీస్తాను, లేదంటే కోడలు తీస్తాది. మరెవులూ ముట్టకండి" అని ఆజ్ఞ. ఈ పిచ్చి నాకూ అంటిస్తారు కాబోలు అనుకుని రోజారమణి దాని జోలికే పోలేదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పార్వతీపురం నుంచి సూర్యకాంతమ్మగారి అక్క కామేశ్వరమ్మ దిగింది. ఆవిడకి ముక్కూ చెవీ నోరూ మూడూ పదునే. ఏసీ చూస్తానని నేరుగా ఆ గదిలోకే వెళ్లి మంచమ్మీద చతికిలబడింది. ఇన్‌హేలర్ ఆ మంచం కింద పెట్టెలోనే ఉంది.

కాఫీ అందిస్తూండగా రోజారమణికి ఊపిరి బిగిసింది. ఆపుకోబోయింది. ఆగలేదు. ఛాతీ కీచుమంది.

"ఆ సప్పుడేటి?" కామేశ్వరమ్మ చెవి రిక్కించింది. "ఏటమ్మీ, నీకు ఆయాసమా?"

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది రోజారమణి.

"ఓలమ్మో! మెత్తబడిపోనాది!" అని గుమ్మంలోంచి గావుకేక. మన్మథరావుగారు వంగిపోయిన అప్పడాన్ని ఊపుకుంటూ లోపలికొచ్చేరు. "వదినా, లెగు! జబ్బు ఈ గోడకి! వాసన సూడు!" అంటూ బీరువా జరిపి, ఆవిడ ముక్కు తీసుకెళ్లి గోడకి ఆనించేరు. "అమ్మీ, పరిగెట్టు! నా డబ్బాలోంచి కొత్త అప్పడం తే. మూత అక్కడే తియ్యాల, పైన ఏటున్నాదో సూడాల. నిదానంగా రా, తొందర్లేదు!"

"పరిగెట్టమంటారు, నిదానమంటారు" అని నెత్తి కొట్టుకున్నారు సూర్యకాంతమ్మ.

వంటింట్లో రోజారమణి మూత తీసింది. అప్పడాల మీద, మందులషాపు కాగితంలో చుట్టిన, సీలు తియ్యని ఇన్‌హేలర్ ఉంది. గబగబా రెండుసార్లు పీల్చింది. ఊపిరి ఆడాక గానీ ఆ డబ్బా ఆజ్ఞకి అర్థం తెలియలేదు.

మర్నాడే రెండు టన్నుల ఏసీ వెనక్కెళ్లి, ఒక టన్నుది వచ్చింది.

"ఊరంతా ఏటనుకుంటారు? ఏపారం దెబ్బతిన్నాదనుకోరూ?" అని సూర్యకాంతమ్మ లబోదిబోమన్నారు.

"అనుకోనీ. మన గోడకి ఉబ్బసం. గోడ బతకాలా, గొప్ప బతకాలా?"

బజారులో నిజంగానే అనుకున్నారు. ఇద్దరు వర్తకులు పరామర్శకి కూడా వచ్చారు. వాళ్లకీ అదే జవాబు, "మా గోడకి ఉబ్బసం బాబూ."

గోడ గీకించి, సున్నం వేయించేరు. చిన్న ఏసీ ఊరికే ఆగిపోకుండా నెమ్మదిగా గాల్లో తడి లాగుతూ పనిచేసుకుపోయేది. వారం తిరక్కుండా దుప్పట్లు పొడిబారాయి. పిల్లికూతలు తగ్గాయి. ఒకరోజు పెరట్లోంచి వీధి అదిరేలా కేక వినిపించింది.

"అమ్మీ! ఏసీ గొట్టం కింద బకెట్టు నిండిపోనాది!"

రోజారమణి అప్పడాల డబ్బా పట్టుకుని వెళ్లింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది.

"మావయ్యా, మీకెప్పుడు తెలిసింది?"

"నాకేటి తెల్సు? అప్పడం సెప్పింది."

గదిలో పెట్టిన అప్పడం తెచ్చి విరిచేరు. ఫెళ్లుమంది. సగం ఆమె చేతిలో పెట్టేరు.

"తినెయ్యి. ఇంకెవులికీ సెప్పకుండా."

పెళ్లి విస్తట్లో కూడా అప్పడం తినని మనిషి, మిగతా సగం తన నోట్లో వేసుకుని కరకరలాడించేరు.