ఖాళీ ఫారాలు చదివిన స్టాంపమ్మ

"ఖాళీ కాగితాలు చదవడానికి నీకు జీతమెందుకమ్మా?"

సెక్రటరీ గారు ఈ మాట అన్నది నలుగురి ముందు. పడ్డది స్టాంపమ్మ. చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే ఆ సంస్థలో, దరఖాస్తుల కౌంటరు దగ్గర ఇరవై ఆరేళ్లుగా ఆవిడదే రాజ్యం. వచ్చేవాళ్లలో సగంమందికి మాట వినబడదు. అందుకే "మీ ఫారం అందింది" అని అరవడం మానేసి, బల్ల అదిరేలా స్టాంపు గుద్ది చూపించేది. ఆ పేరు అలా అతుక్కుంది.

ఆ ఏడు కౌంటరుకు పోటీగా వెబ్‌సైటు వచ్చింది. ఫారం దింపుకోవాలి, ఫోనులోనో కంప్యూటర్లోనో నింపాలి, డాక్టరు పరీక్ష రిపోర్టు జతచేసి పంపాలి. మొదటి వారంలోనే అరవై ఒక్కటి వచ్చాయి. వాటిలో పంతొమ్మిది కడిగిన పలకల్లా ఉన్నాయి. పేరు లేదు, వయసు లేదు, ఫోను నంబరూ లేదు.

"ఖాళీవన్నీ తిరస్కరించు. శుక్రవారం సాయంత్రంలోపు నిండినవి రాకపోతే ఆ మిషన్లు తర్వాతివాళ్లకి," అన్నారు సెక్రటరీ గారు.

స్టాంపమ్మ తిరస్కరించకుండా ఒక్కో తెల్ల కాగితాన్నీ తెరిచి చూస్తూ కూర్చుంది. ఆయనకు ఒళ్లు మండింది. పై ప్రశ్న అప్పటిదే.

"ఫారం ఖాళీయే సార్. ఫైలు పేరు చూడండి," అందావిడ.

'అమ్మ ఫారం, మూడుసార్లు సరిచూసింది' అని ఉంది.

"మూడుసార్లు సరిచూసినవాడు ఉత్త కాగితం పంపుతాడా? రిపోర్టు చూస్తే శుభ్రంగా జతచేశాడు. ఉత్త కవరు పోస్టులో వేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?"

"అయితే నిరూపించు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మొగుడి ఫోను అందుకుని ఫారం తెరిచి చేతికిచ్చింది.

"నాకు చెవుడేంటే?" అన్నాడాయన.

"పిలిస్తే పలకవుగా. అర్హత ఉంది, నింపు."

గొణుక్కుంటూ నింపాడు. వయసు దగ్గర రెండేళ్లు తగ్గించుకున్నాడు కూడా. పంపాడు. మర్నాడు ఆఫీసు తెర మీద ఇరవయ్యో తెల్ల కాగితం ప్రత్యక్షమైంది. ఆయన ఫోనులో అక్షరాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, పంపిన ఫైల్లోకి మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. తప్పు నింపినవాళ్లది కాదని తేలిపోయింది.

వెబ్‌సైటు చేసినామెను తిట్టిపోయడం తేలిక. ఆమె కబురందిన గంటలో వచ్చి, "అక్కా, నా కంప్యూటర్లోనే నింపి చూశాను. ఫోనులో చూడాలని తోచలేదు, తప్పు నాదే," అంది. ఆఫీసుల్లో ఈ మాట విని ఎన్నాళ్లయిందో, స్టాంపమ్మ ఆమెకు టీ తెప్పించింది. సాయంత్రానికల్లా ఫారం దింపుకోనక్కర్లేకుండా సైటులోనే నింపే గళ్లు తయారయ్యాయి.

మరి ఆ పంతొమ్మిది మంది? పంపేశామని నిశ్చింతగా ఉన్నారు. చేతిలో రెండు రోజులే ఉన్నాయి. సైటులో వాళ్లిచ్చిన మెయిళ్లకు ఉత్తరం రాస్తే పదకొండు మంది మళ్లీ నింపారు. మిగతా మెయిళ్లు మనవరాలివో, నెట్టు షాపువో, జవాబు రాలేదు. అప్పుడు రిపోర్టుల మీదున్న క్లినిక్కులకు ఫోను చేసి ఒక్కొక్కరి నంబరూ పట్టింది. పొదుపు పేరిట ఆఫీసు ఫోను నుంచి బయటికి కాల్స్ ఆపేశారు కాబట్టి, తన ఫోనుతోనే.

"ఆఁ? గట్టిగా!" అన్నాడో పెద్దాయన.

"ఇంట్లో చెవులున్నవాళ్లకి ఫోను ఇవ్వండి బాబాయ్!"

ఈ ముక్క మాత్రం వినబడింది. "అవి లేకేగా ఫారం పెట్టుకుంది!"

ఆయన కోడలు వచ్చి నవ్వుతూ వివరాలు చెప్పింది. ఇలా ఒక్కొక్కరినీ అడుగుతూ స్టాంపమ్మే గళ్లు నింపింది. శుక్రవారం మధ్యాహ్నానికి పద్దెనిమిది పూర్తయ్యాయి. మిగిలింది 'మూడుసార్లు సరిచూసింది'. అది పంపినతను దర్జీ. కుట్టుమిషను రొదలో ఫోను ఎత్తడం లేదు. క్లినిక్కు వాళ్లిచ్చిన చిరునామా పట్టుకుని, రెండు వీధుల అవతలున్న దుకాణానికి నడిచింది.

"పంపేశాను కదండీ," అతని మొహం పాలిపోయింది. "మూడుసార్లు చూశాను."

"నాకు తెలుసు నాయనా. అందుకే వచ్చాను."

కత్తిరించిన చొక్కా ముక్కలు పక్కకు జరిపి, ఆ బల్ల మీదే ఇద్దరూ కలిసి నింపారు. గడువుకు ఇంకా నలభై నిమిషాలుంది.

ఆవిడను దేవత అని రాస్తే ఆ ఫారాన్ని ఆవిడే ముందు తిరస్కరిస్తుంది. "కాగితం చదవడం నా పని, చదివాను," అంటుంది, అంతే. కానీ నెల తర్వాత దర్జీ తల్లిని తీసుకొచ్చాడు. ఆమె చెవికి కొత్త మిషను ఉంది. స్టాంపమ్మ అలవాటుగా రసీదు మీద ధన్‌మని గుద్దింది.

ముసలావిడ ఉలిక్కిపడింది. "ఎందుకే తల్లీ అంత గట్టిగా కొడతావు? నెమ్మది!"

స్టాంపమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఇరవై ఆరేళ్లలో ఆ బల్ల దగ్గర తన మోత మీద ఫిర్యాదు రావడం అదే మొదటిసారి. వారం తిరక్కుండా దర్జీ, స్టాంపు కింద వేసుకోవడానికి చొక్కా గుడ్డలతో మెత్తటి దిండు కుట్టి పంపాడు. అది ఇప్పుడు కౌంటరు మీదే ఉంది. జీతమెందుకని సెక్రటరీ గారు మళ్లీ అడగలేదు.

ఆ రెండు రోజుల ఫోను రీచార్జి డబ్బులు మాత్రం సంస్థ ఆవిడకు ఇంకా ఇవ్వాల్సే ఉంది.