గేటు దాకా వస్తా పదండి

మా శౌరయ్య పెదనాన్నకు బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నది ఒకటే జబ్బు, సాగనంపడం. ఆయన ఎదుట ఎవరైనా కుర్చీలోంచి లేస్తే చాలు, "గేటు దాకా వస్తా పదండి" అంటాడు. చల్లపల్లి పక్కన మా ఊళ్ళో వాళ్ళింటికి గేటు ఉన్నమాట నిజమే. కానీ సాగనంపడం అక్కడ ఆపాలని పెదనాన్న ఏనాడూ ఒప్పుకోలేదు.

ఒకసారి కరెంటు మీటర్లు చూడటానికి కొత్తాయన వచ్చాడు. రీడింగు రాసుకుని, బిల్లు చేతికిచ్చి కదిలాడు. పెదనాన్నా కదిలాడు. పక్కింటి దాకా వెళ్ళి, ఆయన అక్కడ మీటరు చూసేదాకా నిలబడి, మళ్ళీ ఆ పక్కింటి దాకా సాగనంపాడు. మధ్యాహ్నానికి వీధి మొత్తం అయిపోయింది.

"మీరూ డిపార్టుమెంటేనాండీ?" అని చివరింట్లో కొత్తగా దిగినావిడ అడిగింది.

"కాదమ్మా. ఈయన వెళ్తుంటే గేటు దాకా వచ్చాను."

హనుమయ్య గారి సంగతి ఇంకా అన్యాయం. ఆయనా పెదనాన్నా చిన్నప్పటి స్నేహితులు, పొలాలు కూడా పక్కపక్కనే. ఒకరోజు పొద్దున్నే ఆయన విజయవాడ వెళ్తూ చెప్పి పోదామని వచ్చారు. పెదనాన్న బస్సు దాకా వెళ్ళాడు. సంచీ పైన పెడతానని బస్సెక్కాడు. సంచీ పెట్టడమైంది గానీ మాట సగంలో ఉంది. సగంలో మాట తెంపడం మర్యాద కాదు కదా. పామర్రు వచ్చింది, ఉయ్యూరు వచ్చింది, ఆ మాట మాత్రం తెమల్లేదు. సాయంత్రం విజయవాడ గవర్నర్‌పేట నుంచి మా పెద్దమ్మకు ఫోన్.

"తెరేసా, నేను లుంగీ మీద ఉన్నాను. ఇక్కడంతా చూస్తున్నారు."

ఆ రోజుతో ఇంట్లో కొత్త ఆచారం మొదలైంది. చుట్టం కాఫీ గ్లాసు కింద పెట్టగానే పెద్దమ్మ లోపలికెళ్ళి పెదనాన్న ప్యాంటు తెచ్చి దండెం మీద వేసేది. అది తమను పొమ్మనడమే అనుకుని కొందరు చుట్టాలు నొచ్చుకుని, రాకపోకలు తగ్గించారు కూడా.

పోయినవాళ్ళనూ వదిలేవాడు కాదు. గుడి గంట కొట్టే జోజి తాత చనిపోయినప్పుడు, మట్టి వేయడమూ ప్రార్థన చదవడమూ అయ్యాయి, జనం ఇళ్ళకు మళ్ళారు. పెదనాన్న మాత్రం కదలడు. ఫాదర్ గారు వెనక్కొచ్చి, "శౌరయ్యా, ఇక్కణ్ణుంచి దేవదూతలు చూసుకుంటారులే" అన్నారు.

"సరే ఫాదర్. వాళ్ళు వచ్చేదాకా ఉంటాను."

ఫాదర్ గారు కూడా కాసేపు నిలబడి వెళ్ళారు.

ఇలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు డయానా. బీఈడీ చదివింది, రెండేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది. ఒక ఆదివారం పూజ నుంచి వచ్చి, దోసె తింటూ చెప్పింది.

"నాన్నా, నేను కాన్వెంటులో చేరతాను. సిస్టర్నవుతాను."

పెద్దమ్మ ఏడ్చింది. మేనత్తలు ఏడవడానికి కూడా ఆగకుండా మూడు సంబంధాలు తెచ్చారు. డయానా మూడు ఫొటోలూ ఓపిగ్గా చూసి, "వీళ్ళకంటే ఏసుప్రభువే నయం అత్తా" అంది. నేను నవ్వేశాను. ఆ పాపానికి ఆ రాత్రి జపమాల ఒక చుట్టు ఎక్కువ తిప్పాను.

పెదనాన్న మాత్రం ఒక్క మాటే అడిగాడు. "ఎక్కడి దాకా రావచ్చు?"

కొండపల్లి దారిలో ఉన్న ఆ కాన్వెంటు వాళ్ళు ఉత్తరంలో రాశారు. బంధువులు గేటు దగ్గరే దీవించి పంపాలి. ఏడాది దాకా ఇంటికి రావడం ఉండదు. డయానా తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టింది.

"నాన్నా, ఇది నవ్వులాట కాదు. నువ్వు గేటు దాటి నా వెంట వచ్చావంటే, నేను నీ వెంట ఇంటికొచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని గేటు దగ్గరే ఆగాలి."

"ఆగుతాను."

"పాలామె వెళ్తుంటేనే ఆగలేవు."

"సాధన చేస్తానమ్మా."

నెల రోజులు చేశాడు. పాలామె వెళ్తుంటే గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడు. "ఏంటి మావయ్యా, జైల్లో వేశారా?" అని ఆమె నవ్వుకుంటూ పోయేది. మూడో రోజున గేటే ఊడొచ్చింది. మళ్ళీ బిగించి, మళ్ళీ పట్టుకున్నాడు.

చేరే రోజు రానే వచ్చింది. పెద్దమ్మ ఈసారి ప్యాంటు తేలేదు. కొత్త గళ్ళ లుంగీ తెచ్చి చేతిలో పెట్టింది. "లుంగీ మీద సిస్టర్ల కాన్వెంటులోకి ఏ మగాడైనా అడుగు పెడతాడా?" అని నా చెవిలో అంది. ఆమె ఆశంతా ఆ లుంగీ మీదే.

మా వీధిలో ఉండే ఖాలిక్ వ్యాన్‌లో పదకొండు మందిమి బయల్దేరాం. "బాబాయ్, నేను ఇంజను కూడా ఆపను. నువ్వు దిగు, దీవించు, ఎక్కు. అంతే" అన్నాడు ఖాలిక్. హనుమయ్య గారికి పెదనాన్న చొక్కా వెనకనుంచి పట్టుకునే పని అప్పజెప్పారు.

గేటు దగ్గర డయానా మోకరించింది. పెదనాన్న దాని నుదుటి మీద సిలువ గుర్తు వేశాడు. అది లేచి, పెట్టె తీసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. పెదనాన్న గేటు ఊచలు పట్టుకున్నాడు. కాళ్ళు కదల్లేదు. ఆ నెల సాధన పోను, అరవయ్యేళ్ళలో మొదటిసారి ఆ మనిషి గేటు దగ్గర ఆగాడు. పెద్దమ్మ ఏడుస్తూనే దేవమాతకు స్తోత్రం చెప్పింది. హనుమయ్య గారు చొక్కా వదిలేశారు.

అదే మేం చేసిన పొరపాటు.

గేటు పక్కన ఇంకో అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో రేకు పెట్టె ఉంది, వెంట ఎవరూ లేరు. మా వాళ్ళందరి ఏడుపూ చూస్తూ, లోపలికి వెళ్ళాలా వద్దా అన్నట్టు చెప్పులతో నేల గీకుతోంది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు పెదనాన్న.

"అమలోద్భవి అండి. చింతూరు అవతలనుంచండి."

"ఎవరూ రాలేదా?"

"అమ్మకి ఒంట్లో బాగాలేదండి. రాత్రి నాన్న బస్సెక్కించారండి."

పెదనాన్న గేటు వైపు చూశాడు. పెద్దమ్మ వైపు చూశాడు. వంగి ఆ పెట్టె అందుకున్నాడు.

"గేటు దాకా వస్తా పదమ్మా."

వాళ్ళు నిలబడిందే గేటు దగ్గర. వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "ఈ అమ్మాయికి మీరేమవుతారండీ?"

"సాగనంపేవాణ్ణి" అని లుంగీ ఎగ్గట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

"అయిపోయింది, పిల్ల వెనక్కొచ్చేస్తుంది" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "ఈయన జబ్బు తగలెయ్య. మీరెందుకు వదిలారన్నయ్యా?"

హనుమయ్య గారు గేటు లోపలికే చూస్తూ అన్నారు. "ఆ రోజు బస్సులో నేను పెద్దాసుపత్రికి వెళ్తున్నానమ్మా, కడుపులో గడ్డేదో ఉందంటే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. శౌరి అడగనూ లేదు. లుంగీ మీద రోజంతా బల్ల మీద కూర్చున్నాడు. గడ్డతో భయం లేదన్నాక గానీ నీకు ఫోన్ చెయ్యలేదు."

పెద్దమ్మ చేయి నెత్తి మీదే ఆగిపోయింది.

ఆ కొత్తాయనకు ముందు మీటర్లు చూసే ఆయన్ని మా వీధి కుక్కలు కరిచాయని నాకప్పుడు గుర్తొచ్చింది. జోజి తాతకు సమాధి దగ్గర నిలబడే సొంతవాళ్ళు ఎవరూ లేరు. ధైర్యంగా వెళ్ళేవాళ్ళను పెదనాన్న వీధి మలుపులోనే వదిలేసేవాడు. ఇన్నేళ్ళు నవ్వాం గానీ, ఎవరితో ఎంత దూరం వెళ్తున్నాడో ఎవరమూ చూసుకోలేదు.

లోపల పెదనాన్న వరండా ముందు ఆగి ఉన్న డయానాను దాటి పోతున్నాడు, తల తిప్పకుండా.

"నాన్నా, మాటిచ్చావు" అంది డయానా.

"నీ వెంట కాదులే. నేనీ పిల్లతో వచ్చాను" అని వరండా ఎక్కి, పెట్టె దింపి, ఆ కాన్వెంటుకు పెద్దయిన మదర్ గారితో, "ఈమె రాత్రంతా బస్సులో ఉంది. టిఫిన్ పెట్టి, తర్వాత ప్రార్థన చేయించండమ్మా" అన్నాడు.

డయానా నవ్వింది. నవ్వుతూనే అమలోద్భవి చేయి పట్టుకుంది. ఇద్దరూ తలుపు లోపలికి వెళ్ళారు. వెనక్కి రాలేదు.

పెదనాన్న వెనుదిరిగాడు. ఖాళీ చేతులతో ఎలా నడవాలో తెలియనట్టు వస్తున్నాడు. మదర్ గారు అది చూసి మెట్లు దిగారు.

"గేటు దాకా వస్తా పదండి" అన్నారు.

గేటు దాకా వచ్చారు. అక్కడ చింతూరు బస్సుల గురించి మాట మొదలైంది. మాట సగంలో ఉండగా గేటు దాటారు. రోడ్డు దాటారు. వ్యాన్ మెట్టు మీద చెయ్యేసి ఆవిడ ఇంకా ఏదో చెబుతున్నారు, పెదనాన్న తలూపుతున్నాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని సీట్లో కాస్త జరిగింది.

ఖాలిక్ అద్దంలోంచి చూసి ఇంజను ఆపేశాడు.

"మదర్ గారూ, ఎక్కండి. చల్లపల్లి దాకా ఒక సీటు ఖాళీ అయింది."